శరీరానికి తగిన బరువు ఎంత?

సోలాపూర్ తూర్పు భాగంలోని వీథుల్లో తెలుగు మాట తరతరాలుగా వినిపిస్తూ ఉంది. తెలంగాణ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకొని వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ చద్దర్ల, తువ్వాళ్ల పరిశ్రమలో స్థిరపడ్డాయి. ఆ ఇండ్లలోని స్త్రీలలో అనేకులు చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టారు, ఇప్పటికీ చుట్టుతున్నారు. ఈ కుటుంబాలలో బరువును గురించిన ప్రస్తావన సాధారణంగా రెండు సందర్భాలలో వస్తుంది: పెండ్లి సంబంధం చూసేటప్పుడు, వైద్యుడు షుగరు ఉందని చెప్పినప్పుడు. మొదటి సందర్భంలో అడిగే ప్రశ్నకు ఆరోగ్యంతో సంబంధం లేదు. రెండవ సందర్భంలో అడిగేది సరైన ప్రశ్నే గాని, చాలా ఆలస్యంగా అడిగినది. ఎంత బరువు ఉండాలన్న ప్రశ్నకు ఆరోగ్యంగా ఉన్న దినాలలోనే సమాధానం ఎట్లా వెదకాలో ఈ పాఠం వివరిస్తుంది.

వాడుకలో ఉన్న లెక్కలు

అందరికీ తెలిసిన లెక్క ఒకటి ఉంది. సెంటీమీటర్లలో ఎత్తు ఎంతో చూసి, అందులో నుండి 100 తీసివేస్తే మిగిలిన సంఖ్యే తగిన బరువు అంటారు. పందొమ్మిదవ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా పేరుతో ఈ లెక్క ప్రచారంలోకి వచ్చింది. నోటితో చెప్పుకోవడానికి సులభంగా ఉండటమే దీని గొప్ప. పొట్టివారి విషయంలో ఇది కొంతవరకు సరిపోతుంది. ఎత్తు పెరిగిన కొద్దీ అవసరానికి మించిన బరువును అనుమతిస్తుంది. 150 సెంటీమీటర్ల మనిషికి 50 కిలోలు అంటే ఇబ్బంది లేదు. 178 సెంటీమీటర్ల మనిషికి 78 కిలోలు తగినవేనని చెప్పడం మాత్రం, భారతీయుల శరీరతత్వాన్ని బట్టి చూస్తే, పొరపాటు.

వైద్యులు వాడే లెక్క వేరు. దానిని బీఎంఐ అంటారు. కిలోలలో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువు ఉన్న వ్యక్తిని తీసుకుంటే, 60ని 1.6తో భాగించగా 37.5, దానిని మళ్లీ 1.6తో భాగించగా 23.4. అదే ఆ వ్యక్తి బీఎంఐ. పెద్దవారి బరువు ఎత్తు యొక్క వర్గానికి అనుగుణంగా ఉంటుందని బెల్జియం గణితవేత్త అడాల్ఫ్ కెత్లే 1832లో గమనించాడు. ఆయన వెదికింది సమాజంలోని సగటు మనిషిని. ఎవరికి జబ్బు వస్తుందో, ఎవరికి రాదో చెప్పాలన్న ఉద్దేశం ఆయనకు లేదు. అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1972లో ఈ సూత్రాన్ని పరీక్షించి, దానికి ఇప్పుడున్న పేరు పెట్టాడు. అంటే ఇది మొదటి నుండీ జనసమూహాలను కొలవడానికి పుట్టిన కొలబద్ద. ఒక్క మనిషికి అన్వయించేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం.

అంతర్జాతీయంగా 18.5 నుండి 25 లోపు బీఎంఐ సాధారణమని భావిస్తారు. ఆసియా ప్రజలలో అంతకు తక్కువ బరువులోనే మధుమేహం, గుండెజబ్బు కనిపిస్తున్నందువల్ల, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 2004లో 23, 27.5 అన్న రెండు అదనపు గీతలను సూచించింది. 2009లో భారతీయ వైద్యనిపుణులు కూడి చేసిన ఏకాభిప్రాయ నిర్ణయం ప్రకారం, ఈ దేశంలో 23 చేరితే అధిక బరువు, 25 చేరితే స్థూలకాయం. ఆ లెక్కన 150 సెంటీమీటర్ల ఎత్తుకు సుమారు 42 నుండి 51 కిలోలు, 155కు 44 నుండి 55, 160కి 47 నుండి 58, 165కు 50 నుండి 62, 170కి 54 నుండి 66, 175కు 57 నుండి 70 కిలోలు తగిన పరిధి అవుతుంది. ఒక్కొక్క ఎత్తుకు పది పన్నెండు కిలోల వెడల్పు ఉన్న పరిధి ఉన్నదే గాని, ఒకే ఒక సంఖ్య లేదన్నది ఇక్కడ గమనించదగినది.

ఒకే సంఖ్య కోసం జనం ఎంత ఆత్రపడతారో 2020లో తెలిసింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆ సంవత్సరం భారతీయ పురుషునికి 65 కిలోలు, స్త్రీకి 55 కిలోలు ప్రామాణికంగా తీసుకొంది. పురుషుని విషయంలో అంతకు ముందున్న 60ని 65 చేసింది. దేశంలో ఆదర్శ బరువు ఐదు కిలోలు పెరిగిందని వార్తలు వెలువడ్డాయి. నిజానికి ఆ అంకెలు రోజుకు ఎంత మాంసకృత్తులు, ఎంత ఇనుము కావాలో లెక్కకట్టడానికి ఎంచుకొన్న ఊహా వ్యక్తివి. 152 సెంటీమీటర్ల స్త్రీ 55 కిలోలు చేరాలని గాని, 160 సెంటీమీటర్ల పురుషుడు 65 కిలోలు ఉండవచ్చునని గాని వాటి అర్థం కాదు.

ఒకే సూచిక, రెండు శరీరాలు

భారతీయుల గీత ఎందుకు కిందికి జరిగిందో చెప్పే పరిశోధన సోలాపూరుకు దూరంగా జరగలేదు. పుణె కె.ఇ.ఎం. ఆస్పత్రిలో పనిచేసిన వైద్యశాస్త్రవేత్త చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండుకు చెందిన తన సహశాస్త్రవేత్త జాన్ యడ్‌కిన్‌తో కలిసి దిగిన ఛాయాచిత్రాన్ని 2004లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఇద్దరి బీఎంఐ 22.3. చూడటానికి ఇద్దరూ సన్ననివారే. శరీరంలోని కొవ్వును కొలిచినప్పుడు మాత్రం యడ్‌కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం ఉన్నట్లు తేలింది. తూకపు యంత్రం ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టింది; లోపల ఉన్నది వేరు. బక్కగా కనబడే భారతీయుని శరీరంలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వు కూడా పొట్టలో, పేగుల చుట్టూ, కాలేయం వద్ద చేరే స్వభావం కలది.

ఈ తేడా పుట్టుకతోనే మొదలవుతుందని పుణె సమీపంలోని ఆరు గ్రామాలలో 1993లో ప్రారంభమైన అధ్యయనం చూపింది. అక్కడి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌథాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. భారతీయ శిశువులు అన్ని కొలతలలోనూ చిన్నవారు. కాని చర్మం కింది కొవ్వు మాత్రం మిగతా కొలతలు తగ్గినంతగా తగ్గలేదు. గర్భంలో పోషణ చాలనప్పుడు శరీరం కండను త్యాగం చేసి కొవ్వును కాపాడుకుంటుందని దీనిని అర్థం చేసుకోవచ్చు. అటువంటి శిశువు పెద్దయి, తల్లిదండ్రులు ఎరుగనంత అన్నం, నూనె, చక్కెర దొరికే నగరంలో బ్రతకడం మొదలుపెడితే ఏమవుతుంది?

ఈ ప్రశ్నకు సమాధానం వలసవచ్చిన వారికి నేరుగా సంబంధించినది. 2010లో ప్రచురితమైన భారతీయ వలసల అధ్యయనం లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు నగరాల కర్మాగారాలలో పనిచేసే వారిని, వారి జీవిత భాగస్వాములను పరీక్షించింది. పల్లె నుండి వచ్చినవారు తమ సొంత ఊరిలోనే ఉండిపోయిన అన్ననో, తమ్ముణ్ణో, అక్కనో, చెల్లెలినో కూడా పరీక్షకు పిలిపించుకొన్నారు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే ఇంటి తిండితో పెరిగినవారు. పురుషులలో చూస్తే, ఊరిలో ఉన్నవారిలో సుమారు 6 శాతం మందికి మధుమేహం ఉండగా, నగరానికి వచ్చినవారిలో అది 14 శాతం. నగరంలోనే పుట్టిపెరిగిన వారితో దాదాపు సమానం. స్థూలకాయం పల్లెలో 19 శాతం, వలసదారులలో దాదాపు 38 శాతం. అదే అధ్యయనాన్ని మరింత పరిశీలించినప్పుడు, నగరానికి వచ్చిన మొదటి పదేండ్లలోనే శరీరంలో కొవ్వు వేగంగా పెరుగుతుందని కనిపించింది. "మా నాయనకు లేదు, తాతకు లేదు, నాకెట్లా వచ్చింది?" అని ఆస్పత్రి వరుసలో వినిపించే మాటకు ఇంతకంటె స్పష్టమైన జవాబు దొరకదు. తాత శరీరమే వచ్చింది. తాత బ్రతుకు రాలేదు.

దొడ్డు ఎముక అన్న మాట

బరువు ఎక్కువని చెప్పిన వెంటనే అనేకులు చెప్పే సమాధానం, తమది దొడ్డు ఎముక అని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. భుజాలు వెడల్పుగా, మణికట్లు లావుగా ఉన్నవారు, అదే ఎత్తులో సన్నని కట్టు ఉన్నవారికంటె కొంత ఎక్కువ తూగడం సహజమే. అయితే మొత్తం అస్థిపంజరం బరువు శరీరపు బరువులో సుమారు ఏడవ వంతు మాత్రమే. ఎముకల తేడా రెండు మూడు కిలోలకు సాకు అవుతుంది గాని, పదిహేను కిలోలకు కాదు.

ఈ మాటకు అచ్చులో స్థానం కల్పించినది ఒక బీమా సంస్థ. అమెరికాలోని మెట్రోపాలిటన్ లైఫ్ సంస్థ 1940లలో ప్రచురించిన బరువుల పట్టికలో చిన్న, మధ్యమ, పెద్ద కట్టు అని మూడు వరుసలు ఉన్నాయి. ఎవరిది ఏ కట్టో నిర్ణయించే పద్ధతి అప్పుడు చెప్పలేదు. కాబట్టి ప్రతివాడూ తనకు అనుకూలమైన వరుసను ఎంచుకొన్నాడనుకుంటే తప్పులేదు. మోచేయి వెడల్పును బట్టి నిర్ణయించాలని 1983 నాటి పట్టిక చెప్పింది. బీమా చేయించుకొన్న అమెరికనులలో ఎవరు ఎక్కువకాలం జీవించారన్నదే ఆ పట్టికలకు ఆధారం.

నేటి వ్యాయామశాలల గోడలపై మరొక మూడు పేర్లు కనిపిస్తాయి: ఎక్టోమార్ఫ్, మెసోమార్ఫ్, ఎండోమార్ఫ్. సన్నని, కండగల, గుండ్రని శరీరాలన్న ఈ విభజనను అమెరికా మనస్తత్వవేత్త విలియం షెల్డన్ 1940లో ప్రతిపాదించాడు. కళాశాల విద్యార్థుల ఛాయాచిత్రాలను చూసి శరీరాలను విభజించి, శరీరాన్ని బట్టి స్వభావం కూడా చెప్పవచ్చునని ఆయన వాదించాడు. ఆ వాదనను శాస్త్రం ఏనాడో విడిచిపెట్టింది. పేర్లు మాత్రం పొడుల డబ్బాలు అమ్మడానికి మిగిలాయి. ఒక వ్యక్తి శరీరం కాలంతో మారుతుంది. ఇరవై ఏండ్ల వయసులో ఎక్టోమార్ఫ్ అనిపించుకొన్న యువకుడు నలభై ఏండ్లకు సన్నని చేతులు, ముందుకు వచ్చిన పొట్టతో కనిపించడం ఈ నగరంలో అరుదైన దృశ్యం కాదు. ఆ శరీరం ఏ గుంపుకు చెందుతుందో షెల్డన్ పట్టికలో చోటు లేదు. భారతదేశంలో అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసిన శరీరం మాత్రం అదే.

ప్రాచీన వైద్యం ఈ విషయంలో కొంత సమతూకం చూపింది. చరకసంహిత సూత్రస్థానంలోని అష్టౌనిందితీయాధ్యాయం అతిస్థూలుని, అతికృశుని ఇద్దరినీ ఒకేచోట చేర్చి, రెండూ దోషాలేనని చెప్పింది. లావు మాత్రమే జబ్బు అని గాని, లావు కలిమికి గుర్తు అని గాని అది చెప్పలేదు.

టేపుతో తెలిసేది

శరీరతత్వం గురించి ఇంటిలోనే తెలుసుకోగోరేవారికి దర్జీ టేపు చాలు. నడుము కొలత పొట్టలోని కొవ్వును గురించి తూకం చెప్పలేనిది చెబుతుంది. భారతీయ నిపుణుల నిర్ణయం ప్రకారం పురుషునికి 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 సెంటీమీటర్లు దాటరాదు. అంగుళాలలో ఇవి సుమారు 35న్నర, 31న్నర. ఇంకొక సులభమైన లెక్క, నడుము ఎత్తులో సగానికి మించరాదన్నది. 160 సెంటీమీటర్ల మనిషి నడుము 80 లోపల ఉండాలి. టేపు కూడా లేని చోట ఎత్తుకు సరిపడే దారం తీసుకొని, దానిని సగానికి మడిచి, నడుము చుట్టూ చుట్టి చూస్తే చాలును. కొసలు కలవకపోతే విషయం తెలిసినట్లే. దారంతో పనిచేసే ఇండ్లలో ఈ పరీక్షకు సాధనం కొరత ఉండదు.

కొలిచే పద్ధతిలో పొరపాటు జరిగితే ఫలితమంతా చెడుతుంది. పంట్లాం కొలతను నడుము కొలత అనుకోవడం పురుషులు సాధారణంగా చేసే తప్పు. పొట్ట పెరిగిన కొద్దీ బెల్టు దాని కిందికి జారుతుంది; 34 అంగుళాల పంట్లాం వేసుకొనే వ్యక్తి నడుము 38 అంగుళాలు ఉండవచ్చు. ప్రక్కటెముకలలో అన్నిటికంటె కిందిది ఎక్కడ ముగుస్తుందో, తుంటి ఎముక పైభాగం ఎక్కడ చేతికి తగులుతుందో చూసి, ఆ రెండింటి నడిమధ్య టేపును నేలకు సమాంతరంగా ఉంచాలి. బట్టపై కాక ఒంటిపైనే కొలవాలి. పొట్ట లోపలికి లాగకుండా, మామూలుగా ఊపిరి వదిలిన తరువాత సంఖ్య చూడాలి. చీర కుచ్చెళ్లు కట్టే చోటు, లంగా బొందు చోటు సాధారణంగా దీనికి కిందుగా ఉంటాయి.

సాంచాలపై పనిచేసే నలభై ఐదేండ్ల కార్మికుని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. బీఎంఐ 22.4, పట్టిక ప్రకారం అంతా సవ్యమే. నడుము కొలిస్తే 94. పురుషుని పరిమితి దాటింది, ఎత్తులో సగమైన 82న్నరనూ దాటింది. ఈ వ్యక్తి రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవలసినవాడు. తూకాన్ని మాత్రమే చూసిన వైద్యుడు అతనిని నిశ్చింతగా ఇంటికి పంపే ప్రమాదముంది. అతని కుమారుడు 172 సెంటీమీటర్ల ఎత్తు, 74 కిలోల బరువు ఉండి, వ్యాయామశాలలో బరువులెత్తేవాడనుకుందాం. బీఎంఐ 25, పట్టిక స్థూలకాయమంటుంది. నడుము 80. అతని బరువు కండది. ఇద్దరినీ తూకం తప్పుగా చూపింది, టేపు సరిగా చూపింది. అందరి విషయంలోనూ తూకం తప్పుతుందని దీని అర్థం కాదు. బరువులెత్తే అలవాటు లేకుండా 25 దాటిన బీఎంఐ ఉన్నవారిలో అత్యధికులది కొవ్వే.

ఆరోగ్యశాఖ కూడా ఈ కొలతకు తగిన స్థానమిచ్చింది. ముప్పై ఏండ్లు దాటిన వారి కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికి తెచ్చే ప్రశ్నపత్రంలో వయసు, పొగాకు, మద్యం, శ్రమ, కుటుంబంలో జబ్బులు అన్న ప్రశ్నలతో పాటు నడుము కొలత కూడా ఉంటుంది. వచ్చిన మొత్తం 4 దాటితే ఆ వ్యక్తిని ముందుగా పరీక్షకు పంపాలి. కార్యకర్త టేపు తీసినప్పుడు సిగ్గుపడి అంచనాగా ఒక సంఖ్య చెప్పేవారు తమ పరీక్షను తామే వాయిదా వేసుకొన్నట్లవుతుంది.

లక్ష్యాన్ని ఎక్కడ నిలపాలి

పరిధి తెలిసినంత మాత్రాన లక్ష్యం తెలిసినట్లు కాదు. బీడీలు చుట్టే యాభై ఏండ్ల స్త్రీ ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు, నడుము 92 అనుకుందాం. పట్టిక ప్రకారం ఆమె 51 కిలోలకు రావాలి. పదకొండు కిలోలు తగ్గాలని చెప్పి పంపితే ఆమె మొదటి వారం పస్తులుండి, రెండవ వారం నీరసించి, మూడవ వారం మానివేస్తుంది. అటువంటి సలహా ఇచ్చినవారు కాగితంపై సరైనవారు, వాస్తవంలో పనికిరానివారు.

ఆమెకు మొదటి లక్ష్యం ఉన్న బరువులో నూటికి ఐదు నుండి ఏడు వంతులు. అంటే మూడు నాలుగు కిలోలు. 62 నుండి 58కి. అది పట్టికలోని పరిధికి ఇంకా చాలా పైనే ఉంది. అయినా శరీరానికి ఆ కొద్దిపాటి తగ్గుదలే పెద్ద మేలు చేస్తుంది. అమెరికాలో జరిగి 2002లో ప్రచురితమైన మధుమేహ నివారణ పరిశోధనలో, ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల శ్రమ అన్న రెండు లక్ష్యాలతో సాగినవారిలో మధుమేహం 58 శాతం తగ్గింది. అక్కడ ఎవరినీ పట్టికలోని ఆదర్శ బరువుకు రమ్మనలేదు.

చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం జరిపి 2006లో ప్రకటించిన భారతీయ పరిశోధన ఇంకా ఆశ్చర్యకరమైన విషయం తెలిపింది. మధుమేహం అంచున ఉన్న 531 మందిని తీసుకొని, కొందరికి మామూలు సలహా మాత్రమే ఇచ్చారు. కొందరికి నడక, తిండి విషయంలో నిరంతర మార్గదర్శనం ఇచ్చారు. మూడేండ్లలో మొదటివారిలో 55 శాతం మందికి మధుమేహం రాగా, రెండవవారిలో 39 శాతం మందికే వచ్చింది. ఈ రెండవ వర్గంవారి బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు. రోజూ కనీసం అరగంట నడిచారు, చక్కెర, మెత్తని పిండి పదార్థాలు, నూనె తగ్గించారు. తూకపు ముల్లు దాదాపు ఉన్నచోటే ఉండగా జబ్బు వెనక్కు తగ్గింది. నెల రోజులు నడిచి, తూకం చూసి, ఫలితం లేదని మానివేసేవారికి ఈ పరిశోధనను ముందుగా చెప్పాలి.

సాంచాల కార్మికులు దినమంతా కాళ్లపైనే ఉంటామని చెప్పడం సహజం. నిలబడటం అలసట కలిగిస్తుంది గాని, గుండె వేగాన్ని పెంచే నడకతో సమానం కాదు. బీడీల పని అంతకంటె కష్టం: ఎనిమిది పది గంటలు ఒకే భంగిమ, వేళ్లకు మాత్రమే పని. గంటకొకసారి చేట దించి, ఐదు నిమిషాలు వాడలో నడిచి రావడం వల్ల తగ్గే బీడీల సంఖ్య స్వల్పం. వారానికి రెండు దినాలు కండకు పని కల్పించడం కూడా అవసరం. కుర్చీలో నుండి చేతుల ఊతం లేకుండా పదేసిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం, నీళ్లు నింపిన సీసాలు పైకెత్తడం కండ పెంచుతాయి. కండ తక్కువగా పుట్టిన శరీరాలకు ఇది నడకంత ముఖ్యం.

తిండి విషయంలో ఈ నగరానికి ఒక అదృష్టం ఉంది. మంగళవేఢా జొన్నలు దేశంలో పేరుపొందినవి. తెలంగాణలో తాతలు తిన్న జొన్నరొట్టె ఇక్కడ భాకరీ పేరుతో ప్రతి వీథిలో దొరుకుతుంది. పుంటికూర అంబాడీ పేరుతో సంతకు వస్తుంది. ఆ తిండికి తిరిగి వెళ్లడం మంచిదే. అయితే రెండు భాకరీలు తిన్న తరువాత తృప్తి కోసం గిన్నెడు అన్నం కూడా తింటే జొన్నల వల్ల లాభం లేదు. జొన్న కూడా ధాన్యమే. మొత్తం శక్తిలో ధాన్యాల నుండి వచ్చేది 45 శాతానికి మించరాదని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. పళ్లెంలో ఒక రొట్టె తగ్గి, దాని చోట పప్పు, గుడ్డు, మజ్జిగ, కూర చేరాలి. పల్లీల కారం రుచికరమైనదే, మాంసకృత్తులు ఉన్నదే. దానిలో నూనె అంతకంటె ఎక్కువ ఉంది కనుక చెంచాతోనే కొలుచుకోవాలి.

చాయ్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. పని మధ్యలో ఆకలి చంపుకోవడానికి చాయ్ తాగడం కార్ఖానాలలో ఉన్న అలవాటు. రోజుకు నాలుగు చాయ్‌లు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల చక్కెర అనుకుంటే, చెంచాకు 5 గ్రాముల చొప్పున రోజుకు 40 గ్రాములు, నెలకు 1,200 గ్రాములు. ఒక మనిషి కేవలం చాయ్‌లో నెలకు కిలోకు పైగా చక్కెర తాగుతున్నాడన్నమాట. చాయ్ మానవలసిన పనిలేదు. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ పోతే నాలుక రెండు నెలలలో అలవాటు పడుతుంది.

తగ్గే వేగం వారానికి అర కిలో చాలును. రోజుకు 1,000 క్యాలరీల కంటె తక్కువ తినే పథ్యాలు మంచివి కావని పోషకాహార సంస్థ హెచ్చరించింది. నెలకు పది కిలోలు తగ్గిస్తామన్న ప్రకటనలు గోడలపై కనిపిస్తే, ఆ పది కిలోలలో నీరెంత, కండ ఎంత అని అడగాలి. కండ కరిగి తగ్గిన బరువు మళ్లీ వచ్చేటప్పుడు కొవ్వుగా వస్తుంది. పేరు, కూర్పు తెలియని పొడులు, మాత్రలు వైద్యుని సలహా లేకుండా తీసుకోరాదు.

ఆరు నెలలలో 58కి చేరిన ఆ స్త్రీ మరొక ఆరు నెలలు అక్కడే నిలవగలిగితే, అప్పుడు తరువాతి లక్ష్యం ఆలోచించవచ్చు. నిలవలేని 54 కంటె నిలిచిన 58 మేలు. వారానికి ఒకసారి, ఉదయం, ఏమీ తినకముందు, ఒకే యంత్రంపై తూచుకొంటే చాలును. దినానికి రెండుసార్లు తూచుకొనేవారు నీటి హెచ్చుతగ్గులను చూసి సంతోషించడం, దిగులుపడటం తప్ప తెలుసుకొనేది లేదు. నడుమును నెలకొకసారి కొలిచి గోడ క్యాలెండరుపై వ్రాసుకోవచ్చు.

పెరగవలసిన బరువు

బరువు మాట వస్తే తగ్గడమే గుర్తుకు రావడం సరికాదు. 155 సెంటీమీటర్ల ఎత్తు, 41 కిలోల బరువు ఉన్న పంతొమ్మిదేండ్ల యువతి బీఎంఐ 17.1. సన్నగా ఉన్నదని పెండ్లివారు మెచ్చుకోవచ్చు. ఆమె శరీరానికి 44, 45 కిలోలైనా కావాలి. రక్తహీనత పరీక్ష కూడా అవసరం. తక్కువ బరువుతో గర్భం దాల్చిన తల్లికి తక్కువ బరువు శిశువు పుట్టే అవకాశం ఎక్కువ. పుణె గ్రామాలలో కనిపించిన కథ అక్కడి నుండే మళ్లీ మొదలవుతుంది. ఇటువంటివారు చాయ్, బిస్కట్లతో కాక పప్పు, పాలు, గుడ్లు, పల్లీలు, అరటిపండ్లతో బరువు పెంచుకోవాలి.

గర్భిణులకు ఈ పాఠంలోని సంఖ్యలు వర్తించవు. వారి బరువు ఎంత పెరగాలో పరీక్షించే వైద్యులే చెప్పాలి. పిల్లలను వయసును బట్టి గీసిన ఎదుగుదల పట్టికతో చూడాలి. అరవై దాటినవారిలో కండ తానంతట తానే తగ్గుతుంది గనుక, నడుము అదుపులో ఉండి, లేచి తిరగగలిగినంత కాలం, ఒకటి రెండు కిలోలు ఎక్కువ ఉన్నాయని వారిని పస్తులుంచరాదు.

ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గడం ఏ వయసులోనూ శుభవార్త కాదు. ఆరు నెలల నుండి సంవత్సరం లోపల ఉన్న బరువులో ఇరవయ్యవ వంతు, అంటే 60 కిలోల మనిషికి 3 కిలోలు, కారణం తెలియకుండా తగ్గితే వైద్యుని చూడాలి. మధుమేహం ముదిరినా, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా, క్షయ సోకినా బరువు ఇట్లాగే పడిపోతుంది. దానితో పాటు రెండు వారాలకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు ఉంటే ఆలస్యం చేయరాదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో క్షయకు కఫ పరీక్ష, మందులు ఉచితం. రక్తంలో చక్కెర పరీక్షకు వెళ్లేటప్పుడు గత మూడు నాలుగు నెలల బరువు, నడుము కొలతలు వ్రాసుకొన్న కాగితం తీసుకొనిపోతే వైద్యునికి పని సులభమవుతుంది.